తలుపుకి ఆనించిన కర్ర

మెలానియా పిండి పిసుకుతోంది. పిసికేది కుడి చెయ్యే. ఎడం చెయ్యి ఊరికే గిన్నె అంచు పట్టుకుని ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆ చేతిలో చీమలు పాకుతున్నట్టు ఉంది. దులిపింది. పొయ్యి దగ్గర కాచింది. వేడినీళ్లలో పెట్టి చూసింది. పోలేదు. వంకరగా పడుకున్నానేమో, అదే పోతుందిలే అనుకుంది.

చేపల్ని ముందురోజే కడిగి ఉప్పు రాసి పెట్టుకుంది. తలలు తీసేసి ముళ్లు మాత్రం ఉంచింది. పిండి మందంగా పరిచి, చేపని దాని మీద పడుకోబెట్టి, పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు అంచులు మీదకి మడిచింది. మా వైపు చేపరొట్టె అంతే. ముళ్లు తినేవాడే ఏరుకోవాలి. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి అది చేతకాదు. ఏటా ఎవరో ఒకరు గొంతులో ముల్లు దిగి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మెలానియా వాళ్ల చేత ఎండురొట్టె ముక్క మింగించి వీపు మీద తడుతుంది.

రొట్టెలు పొయ్యిలోకి తోసి, చేతులు తుడుచుకుని, కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. రేవు గుంజలు మోకాళ్లదాకా నాచు కట్టుకుని నిలబడ్డాయి. సాయంత్రానికి పోటు వస్తుంది. పెద్ద పోటు. ఆ పోటు చూద్దామనే ఆమె చలికాలం నుంచి ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంది.

ఎందుకంటే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కు గట్టు మీద ఒక సిలువ ఉంది. నిఫోంత్‌ది. నిఫోంత్ అంటే మెలానియా మొగుడు. ఆకులు రాలే కాలంలో వేటకి పోయాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. సమాధి లేనివాడికి సిలువే సమాధి. తోటి వేటగాళ్లు నాటారు దాన్ని. ఇన్నేళ్ల ఉప్పుగాలికి మొదలు కుళ్లిపోయింది. మెలానియా రాళ్లు పేర్చి, వలతాడు కట్టి, ఏడాదికేడాది నిలబెట్టుకుంటూ వచ్చింది. పోయిన చలికాలం ఒళ్లు బాగాలేక వెచ్చగా పడుకునే పొయ్యి అరుగు మీంచి దిగలేకపోయినప్పుడు మొక్కుకుంది. వేసవి చూస్తే నిఫోంత్‌కి కొత్త సిలువ నిలబెడతానని.

వేసవి చూసింది. వేసవి అయిపోవచ్చింది కూడా.

సిలువ చెక్కింది ఎర్మొలై. మనిషికి రెండింతల పొడుగు పైన్ దుంగ. గట్టు మీదకి బండి దారి లేదు, నీళ్లలో లాక్కుపోవాలి. పెద్ద పోటు వస్తేనే దుంగ గట్టు పక్కకి చేరుతుంది. మర్నాడు ఎర్మొలై కంటి ఆపరేషన్‌కి పట్నం పోతున్నాడు. వాడు తిరిగొచ్చేసరికి నేల గడ్డకడుతుంది. ఈ సాయంత్రం కాకపోతే ఇక వచ్చే ఏడే. వచ్చే ఏడు తను ఉంటానని ఆమెకే నమ్మకం లేదు.

ఇంకో సంగతి ఉంది. మొక్కుకున్న మనిషే మొదటి రాయి పెట్టాలి. ఆ మనిషి రాకుండా ఎంతమంది మగాళ్లున్నా తాడు లాగరు. మా తొర్మ ఊళ్లో అంతే.

కిటికీ మీద ఎవరో వేలితో కొట్టారు. ఎర్మొలై. ఒక కన్ను తెల్లగా పొరకట్టి, రెండో కంటితో పక్కకి తిరిగి చూస్తాడు, కోడి చూసినట్టు.

"సవ్వతీవ్నా! ఇంకా బతికే ఉన్నావా?"

సవ్వతీ ఆమె తండ్రి. మేం పెద్దవాళ్లని తండ్రి పేరుతోనే పిలుస్తాం.

"నీకు రొట్టె పెట్టకుండా ఎలా పోతాన్రా, ఒంటికన్నోడా."

"నీళ్లు గొర్రెరాయి దాటగానే లాగుతాం. ముస్తాబవుతూ కూచున్నావంటే నేను ఆగను."

"ఆగవూ? నేను రాయి పెట్టకుండా లాగి చూడు. నీ నెత్తినే పడుతుంది."

"పడితే పీడా పోతుంది. పట్నం పోయే పని తప్పుతుంది." అని ఆమె ఎడం చేతి వైపు చూశాడు. "ఆ చెయ్యేంటి, అలా వేలాడుతోంది?"

"దానికి ఇవాళ సెలవిచ్చాను."

"నర్సమ్మకి చూపించుకోరాదూ?"

"రేపు చూపించుకుంటా. ఇవాళ తీరికేదీ?"

ఎర్మొలై వేడిరొట్టె ముక్క జేబులో పెట్టుకుని పోయాడు. జేబు కాలుతోందని గంతులేసుకుంటూ పోయాడు.

మెలానియా పొట్టి మనిషి. అడ్డంగా ఉంటుంది. నడిస్తే పడవ ఊగినట్టు అటో అడుగు ఇటో అడుగు వేస్తుంది. తొర్మలోనే పుట్టింది. చిన్నప్పుడు ఒడ్డున నాచు ఏరి ఎండబెట్టింది. పెళ్లయ్యాక వలల కొట్టులో వలలు బాగుచేసింది. వలల కొట్టు మూతపడ్డాక బడి ఊడ్చింది. బడీ మూతపడింది. అప్పుడు క్లబ్బులో ఉండే ఆవిడ వచ్చి, "మెలానియా అత్తా, పడవల్లో జనం వస్తున్నారు పాత ఊరు చూడాలని, నువ్వు తిప్పి చూపించు" అంది. "నాకేం తెలుసే?" అంటే, "నేను రాసిస్తాగా, బట్టీపట్టు" అంది. బట్టీపట్టింది. ఎలా బట్టీపట్టిందో అలాగే చెప్పేది, చిన్నపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు, ఊపిరి ఎక్కడ పడితే అక్కడ ఆపి. అన్ని వేసవులూ అదే పాఠం.

ఆ ఏటికి అదే ఆఖరి ఓడ. లోతులో లంగరేసుకుని నిలబడింది. మా ఊరి గూరీ తన చిన్న పడవలో జనాన్ని రేవుకి చేరేశాడు. అందరూ టోపీలు లాక్కుని, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. గాలి అలా ఉంది.

"జాగ్రత్తగా నడవండి, బల్లలు జారతాయి," అంది మెలానియా. అది పాఠంలోది కాదు.

రేవు, పడవల కొట్లు, ఉప్పు వండిన చోటు. అక్కడిప్పుడు ఏమీ లేదు, పెద్ద గుంట, చుట్టూ దురదగొండి. "ఇక్కడ పన్నెండో శతాబ్దం నుంచి ఉప్పు వండేవారు," అంది.

గడ్డం ఆయన ఒకడు చెయ్యెత్తాడు. "అమ్మా, ఇందాక రేవులో ఊరు పుట్టింది పదహారో శతాబ్దం అన్నారే?"

మెలానియా గుంట వైపు చూసింది. శతాబ్దాలు ఆమెకి ఎప్పుడూ కలగాపులగమే.

"ముందు ఉప్పు కాచుకుని తర్వాత ఊరు కట్టుకున్నారేమో బాబూ. ఉప్పు లేకుండా ఏం తింటారు?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటే మూతి ఒక పక్కకే పోయింది. చలికి బిగుసుకుందనుకున్నారు.

చర్చికి శిఖరం లేదు. లోపల కాకులు. పాఠం చెప్పింది. ఒకప్పుడు ఈ చర్చినే వలల కొట్టు చేశారని, తను వలలు బాగుచేసింది ఇక్కడేనని, ఆ మూల కిటికీ కింద తన బల్ల ఉండేదని చెప్పలేదు. అది పాఠంలో లేదు.

ముక్కు గట్టు మీదకి ఎక్కేటప్పుడు ఆమె మూడుసార్లు ఆగింది. కింద, నీటి అంచున, కొత్త సిలువ పడుకుని ఉంది. తెల్లగా, తాడు కట్టి, గూరీ పడవకి తగిలించడానికి సిద్ధంగా. పైన పాతది ఒరిగి నిలబడింది, బూడిదరంగుగా.

"ఇది మొక్కు సిలువ," అంది. అంతే. పాఠంలో ఇంకా నాలుగు మాటలున్నాయి, అవి ఆమె ఎప్పుడూ చెప్పదు.

ఎర్రకోటు వేసుకున్న ఒకావిడ దగ్గరికొచ్చింది. మంచి మనిషి, దారంతా మెలానియా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. "ఎవరిదండీ?"

"ఒకాయనది."

"ఏం చేసేవారు?"

"చేపలు పట్టేవాడు."

"మంచివాడేనా?"

"గురక పెట్టేవాడు," అంది. "మొదట్లో తిట్టేదాన్ని."

మెలానియా తాడు ముడి సరిచేసి, సిలువ మొదట్లో చేత్తో తట్టింది. ఇంకొక్క పూట ఓర్చుకో అన్నట్టు.

తిప్పడం ఎప్పుడూ ఆమె ఇంటి దగ్గరే అయిపోతుంది. గుమ్మం పక్కన బిర్చ్ కర్ర ఒకటి ఉంటుంది. దాన్ని తీసుకుని తలుపుకి ఏటవాలుగా ఆనించింది.

"మాకు తాళాలు లేవు. ఇంట్లో లేకపోతే ఇలా కర్ర ఆనించి పోతాం. కర్ర కనిపిస్తే ఎవరూ మెట్టెక్కరు, పిలవరు, తలుపు ముట్టుకోరు. వెనక్కి పోతారు. మా అమ్మ అలా చేసింది, వాళ్లమ్మ అలా చేసింది."

"మాస్కోలో ఇలా పెడితే," అన్నాడు ఎర్రకోటావిడ మొగుడు, "ఇంట్లో సామానూ పోతుంది, కర్రా పోతుంది."

మళ్లీ నవ్వులు. మెలానియా కర్ర తీసి పక్కన పెట్టి, తలుపు తోసింది. "రండి, టీ చల్లారుతుంది."

ఇల్లంతా కాల్చిన చేప వాసన. టీనీళ్లు కాగే సమోవర్ బుసకొడుతోంది. బల్ల మీద రొట్టెలు, చిత్తడినేల పసుపు పళ్ల జామ్. బూడిదరంగు పిల్లి జనాన్ని చూసి అరుగెక్కింది. గడ్డం ఆయనకే ముల్లు గుచ్చుకుంది. ఆయన్ని తట్టి కూచోబెట్టి, మెలానియా ఇంకొకరికి టీ అందిస్తూ ఉంటే కప్పు ఎడం చేతిలోంచి జారి పగిలింది. జారినట్టు ఆమెకి తెలియను కూడా తెలియలేదు. చప్పుడు విని చూసుకుంది.

"అయ్యో, కాలిందా?"

"ఏం లేదు, ఏం లేదు. కప్పు పగిలితే మంచిదే."

ఓడ కూత వేసింది. అందరూ లేచారు. ఎప్పుడూ రేవుదాకా వెళ్లి చెయ్యూపి వచ్చేది. ఆ రోజు వెళ్లలేదు.

"మీరు పదండమ్మా. నేను కాస్త నడుం వాలుస్తాను. సాయంత్రం పనుంది," అంది. ఆ మాట కాస్త ముద్దగా వచ్చింది. ఎర్రకోటావిడ బల్ల మీద చాక్లెట్ డబ్బా పెట్టి, ఆమె బుగ్గమీద ముద్దుపెట్టి, తలుపు మెల్లగా దగ్గరికేసి బయటికొచ్చింది.

బయట మొగుడు సెల్‌ఫోను పట్టుకుని నిలబడ్డాడు. "ఉండు, తలుపు ఫోటో తీస్తా." తీసి చూసుకున్నాడు. "ఉత్త తలుపు ఏం బాగుంటుంది? ఆ కర్ర ఉండాలి." కర్ర తీసుకుని, ఆమె ఎలా ఆనించిందో అలాగే, ఏటవాలుగా తలుపుకి ఆనించాడు. తీశాడు. ఓడ రెండో కూత వేసింది. "పద పద, వదిలేసి పోతారు!" ఇద్దరూ పరిగెత్తారు.

కర్ర అక్కడే ఉండిపోయింది.

వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. వాళ్లకి అది కర్ర, అంతే.

గూరీ పడవలో ఆ ఫోటో చూపించాడు ఆయన. గూరీ తెడ్డు ఆపి చూసి, "భలే వచ్చింది, అచ్చం అలాగే ఉంది" అన్నాడు.

కొంచెం పొద్దు వాలాక పక్కింటి పెలగేయ మేకపాలు పట్టుకొచ్చింది. రోజూ తెస్తుంది. గేటు తీసి నాలుగడుగులు వేసి కర్ర చూసింది. ఆగిపోయింది.

"చూడు ముసలిదాన్ని, అప్పుడే గట్టుకి పోయింది. పెళ్లికూతురికి ఉన్నంత తొందర!" అని తనలో తనే నవ్వుకుంది. పాలగిన్నె కింది మెట్టు పక్కన పెట్టి, పైన చెక్క మూసి, వెళ్లిపోయింది.

నీళ్లు గొర్రెరాయి దాటాయి. ఎర్మొలై, గూరీ, ఇంకా మేం కొందరం దుంగని గట్టు పక్కకి లాక్కొచ్చాం. ఆడవాళ్లు గుడ్డలో గుడ్లు, రొట్టె కట్టుకుని వచ్చారు. గొయ్యి తవ్వి ఉంది. రాళ్లు కుప్పపోసి ఉన్నాయి. మెలానియా లేదు.

"ఇంట్లో నిద్రపట్టేసిందేమో, లేపుకురా," అన్నాడు ఎర్మొలై పెలగేయతో.

"ఇంట్లో లేదు. కర్ర ఉంది."

"చూశావా?"

"పాలు పెట్టొచ్చాగా."

"నేనూ చూశా," అన్నాడు గూరీ. "ఫోటోలో. వాళ్లు పడవ దగ్గరికి వచ్చేటప్పటికే కర్ర పెట్టి ఉంది."

"అయితే ఎటు పోయిందంటావ్?"

ఆ మాటతో అందరి మొహాలూ సముద్రం వైపు తిరిగాయి. గట్టు కింద దారి పోటులో మునుగుతుంది. అడ్డదారని అటునుంచి వచ్చిందేమో. రాయి మీద కాలు జారిందేమో.

వెతికాం. చర్చి వెతికాం, స్మశానం వెతికాం, పడవల కొట్లు ఒక్కొక్కటీ తీసి చూశాం. ఆడవాళ్లు పళ్ల చిత్తడిదాకా పోయి పేరుపెట్టి అరిచారు. ఎర్మొలై ఆ ఒక్క కంటితో ఒడ్డంతా నడుస్తూ గెడతో నాచులో పొడిచి చూశాడు. "సవ్వతీవ్నా! ఏయ్ ముసలిదానా! ఆగుతాన్లే, రా!" అని కేకలేశాడు. ఆమె ఇంటి ముందునుంచే ఎన్నిసార్లు అటూ ఇటూ పోయామో. వెళ్లిన ప్రతివాడూ తలుపు వైపు చూశాడు. కర్ర ఉంది. వెళ్లిపోయాడు.

ఊరంతా వెతికాం, ఆ ఇల్లు తప్ప.

పిల్లి తోసినా పడిపోయే కర్ర అది.

నీళ్లు వెనక్కి పోయాయి. కొత్త సిలువ బురదలో పక్కకి ఒరిగి పడుకుంది. తాడు లాగడానికి చేతులున్నాయి గానీ మొదటి రాయి పెట్టే చెయ్యి లేదు. ఎవరూ లాగుదాం అనలేదు.

పొద్దున పెలగేయ మేకని విప్పుతూ చూసింది. మెలానియా కిటికీలో పిల్లి. అద్దాన్ని గీరుతోంది, నోరు తెరుస్తోంది. మెలానియా పిల్లిని లోపల పెట్టి ఎక్కడికీ పోదు. వాకిట్లోకి దింపాకే కర్ర ఆనిస్తుంది. మెట్టు పక్కన పాలగిన్నె ముట్టుకోకుండా అలాగే ఉంది.

పెలగేయ మెట్లెక్కింది. కర్ర దగ్గర ఆగింది. తర్వాత చెప్పింది మాతో, ఆ కర్ర మీద చెయ్యి వెయ్యడానికి తన చెయ్యి రాలేదని. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరి కర్ర ముట్టుకోలేదు. రెండుసార్లు "సవ్వతీవ్నా" అని పిలిచింది. అప్పుడు తీసి, గోడవారగా నేలమీద పెట్టింది. తలుపు తోసింది. సగం తెరుచుకుని ఆగిపోయింది, ఏదో అడ్డం ఉన్నట్టు.

ఆ అడ్డం మెలానియానే.

మంచం మీంచి తలుపుదాకా పాకింది. ఒక పక్క పడిపోయింది, మాట పోయింది, కుడి చేత్తోనే ఈడ్చుకుంది. నేలమీద పరిచిన చాప కుప్పగా ఆమె కింద చేరింది. మంచి గౌను వేసుకుని ఉంది, నీలంది, సిలువకోసం తీసిపెట్టుకున్నది. తలకి గుడ్డ కట్టుకోబోయినట్టుంది, ఒంటిచేత్తో ముడి పడలేదు. కుడి చేతి గోళ్లలో తలుపు చెక్క పేళ్లు ఉన్నాయి.

నర్సమ్మ చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "సాయంత్రానికి బతికే ఉంది," అంది. "తెల్లారుతుండగా పోయింది."

అంటే అంతా విని ఉంటుంది. పెలగేయ నవ్వు, గిన్నె చప్పుడు, మా కేకలు, ఆగుతాన్లే రమ్మన్న ఎర్మొలై గొంతు. అన్నీ ఆ తలుపుకి అవతలే.

"మరి ఆ కర్ర ఎవరు పెట్టారు?" అన్నాడు ఎర్మొలై. ఎవరికీ తెలియదు. పెరటి తలుపునుంచి తనే లోపలికి వచ్చిందేమో అన్నారు ఒకరు. గూరీ మెట్టు మీద కూచున్నాడు, టోపీ చేత్తో నలుపుకుంటూ. ఉన్నట్టుండి లేచాడు.

"ఫోటో," అన్నాడు. "ఆమె లోపలుండగానే వాళ్లు కర్ర ఆనించి తీసిన ఫోటో అది. నేను చూశాను. అచ్చం అలాగే ఉంది అన్నాను." రేవు వైపు నడిచిపోయాడు.

ఎర్మొలై పట్నం పోలేదు. మిగిలిన పైన్ చెక్కతోనే పెట్టె చేశాడు. పెట్టెని ముందు ముక్కు గట్టుకే మోసుకెళ్లాం. నీళ్లు అంత పైకి రాలేదు ఆ రోజు, దుంగని బురదలో భుజాలతో మోశాం, ఆడవాళ్లు కూడా పట్టారు. మొదటి రాయి దగ్గర అందరం ఆగిపోయాం. పెలగేయ ముందుకొచ్చింది. మెలానియా ఉన్ని చేతితొడుగు, కుడిచేతిది, గొయ్యిలో అడుగున పెట్టింది. దాని మీద ఎర్మొలై రాయి పెట్టాడు. "పెట్టేసింది," అన్నాడు. "లాగండి."

సిలువ లేచింది. నిటారుగా నిలబడింది. ఎవరూ గుడ్ల మూట విప్పలేదు.

పిల్లిని పెలగేయ తీసుకుపోయింది. పొయ్యిలో బూడిద తీసేసి, కిటికీలు బిగించి, అందరం బయటికొచ్చి తలుపు దగ్గరికేశాం. ఇంక కర్ర ఆనించాలి. ఇంట్లో ఎవరూ లేరు కదా, ఆనించాలి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎర్మొలై వంగబోయి, మళ్లీ నడుం ఎత్తాడు. అలాగే మెట్లు దిగిపోయాం.

ఇప్పుడు మంచు కురుస్తోంది. తలుపు ఉత్తగానే ఉంది, అయినా లోపలికి ఎవరూ పోరు. పెలగేయ పెట్టిన చోటే, గోడవారన, కర్ర పడి ఉంది. పొడుగంతా తెల్లటి బెరడే. మధ్యలో ఒక్క చోట, పిడికిలి పట్టేంత మేర, చెయ్యి ఆడి ఆడి బెరడు పోయి, నల్లగా, నున్నగా ఉంది.